ఎవరి జీవితకాలం?

పాస్‌బుక్ పేజీలు

పోయిన సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినీ పేరు రాయించుకోమని రాసినందుకు పుణె నుంచీ, భివండి నుంచీ, సూరత్ నుంచీ ఉత్తరాలూ ఫోన్లూ వచ్చాయి. "మీ మాట విని రాయించేశాం" అన్నవాళ్ళకు ధన్యవాదాలు. "ఎప్పుడూ డబ్బు గోలేనా, ఇంకేమీ రాయరా?" అని దెప్పిన ఒక చెల్లెమ్మకు జవాబుగా ఈసారి నూనె గురించి రాస్తున్నాను. వంటనూనె కాదు, కారు గేర్‌బాక్సులో ఉండే నూనె. చివరికి అదీ డబ్బు దగ్గరికే వస్తుందనుకోండి. బ్యాంకువాడి బుద్ధి ఎక్కడికి పోతుంది?

మాకొక చిన్న కారుంది. పదకొండేళ్ళ బండి. నాలుగేళ్ళ కిందట సెకండ్ హ్యాండులో కొన్నాం. కంపెనీ పేరెందుకు లెండి, ఈ కథలో తప్పు కంపెనీది కాదు, నాది. అది ఆటోమేటిక్ బండి. ఎడమకాలితో క్లచ్ తొక్కే పని లేదు. అందుకే కొన్నాం. మా ఆవిడకు ఎడమ మోకాలు అరిగిపోయింది. బడిలో నిలబడి పాఠాలు చెప్పీ చెప్పీ అట్లా అయిందని డాక్టరుగారు అన్నారు. స్కూటీ మానేసింది, ఆటో మెట్టు ఎక్కడం కూడా కష్టమైంది. అట్లాంటి మనిషి నలభై తొమ్మిదో ఏట ఈ బండి మీద డ్రైవింగ్ నేర్చుకుంది. సాఖర్ పేట సందుల్లో, అటు రిక్షా, ఇటు నూలు బేళ్ళ టెంపో, మధ్యలో ఆవు, ఇన్నిటి నడుమ నాకన్నా నెమ్మదిగా, నాకన్నా శుభ్రంగా నడుపుతుంది. వారానికి రెండుసార్లు మా అవ్వను ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేది కూడా తనే. అత్తాకోడళ్ళిద్దరూ ముందు సీట్లలో కూర్చుని పోతుంటే, ఈ బండికి పెట్టిన డబ్బు చాలా మంచి పెట్టుబడి అనుకునేవాణ్ణి.

మొన్న ఎండాకాలంలో ఆ పెట్టుబడికి చీడ పట్టింది. సోలాపూర్ ఎండలు మీకు తెలుసు కదా, నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు. సందులోంచి వెనక్కి తీసి, మీటను 'ఆర్' నుంచి 'డి'కి మారిస్తే బండి వెంటనే కదిలేది కాదు. ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టేంత సేపు ఆలోచించి, ఆ తర్వాత 'ధన్' మని ఒక్క ఊపు ఊపి కదిలేది. వెనక సీట్లో ఉంటే ఎవరో తోసినట్టుండేది. 

అవ్వ మొదటి రోజే కనిపెట్టింది. "ఏందిర, బండి గిట్ల గుంజుతుంది? సాంచె బిగుసుకున్నట్టు లేదూ?" అంది. నేను వినీ విననట్టు ఊరుకున్నాను. నెల రోజులు ఊరుకున్నాను. బ్యాంకులో ఎవరి కిస్తీ అయినా ఒక్క రోజు ఆలస్యమైతే ఫోన్ చేసే మనిషిని, నా సొంత బండి రోజుకు ఇరవైసార్లు ఆలస్యం చేస్తుంటే పట్టించుకోలేదు.

ఒక రోజు కన్నా చౌక్ దగ్గర బండి ఊపుకు మా ఆవిడ ముందున్న సైకిలుకు దాదాపు తగిలించబోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ, ఇంటికి వచ్చి తాళంచెవి గోడకు తగిలించేసింది. "ఇక నేను నడపనండి" అంది. ఆ వారం అవ్వ ఫిజియోథెరపీకి పోలేదు. ఆటో ఎక్కించబోతే, "నా కాళ్ళకంటే దాని మోకాలే ఎక్కువ నొస్తది, వద్దు తియ్" అని కోడల్ని చూపించింది.

అప్పుడు కదిలాను. ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్ళాను. వాళ్ళు బండి కింద కూడా చూడకుండా, కంప్యూటర్ పెట్టి, "గేర్‌బాక్స్ పోయింది. మారిస్తే లక్షా ఇరవై వేలు. ఈ బండికి అంత పెట్టడం దండగ, అమ్మేయండి" అన్నారు. "నూనె మారిస్తే?" అని అడిగాను. "సార్, అది లైఫ్‌టైమ్ ఆయిల్. జీవితకాలం నూనె. మార్చేది ఉండదు" అన్నారు. ఇంకో చోట అడిగితే, "పాత నూనె తీయకండి, తీస్తే ఉన్న గేర్‌బాక్స్ కూడా పోతుంది" అని భయపెట్టారు. ఒకరు మార్చనక్కర్లేదన్నారు, ఇంకొకరు మార్చకూడదన్నారు. ఇద్దరూ కలిసి నన్ను బండి అమ్మకం దాకా తెచ్చారు.

ఆదివారం మా బావ ఇంటికి వచ్చాడు. మా అక్క భర్త. అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో ఎనిమిది సాంచెలు నడుపుతాడు, టవళ్ళు నేస్తాడు. సంగతంతా విని ఒకే ఒక మాట అడిగాడు. "సరే గని, గీ నూనె ఎన్నడు మార్పించినవ్?"

"ఎన్నడూ లేదు బావా, జీవితకాలం నూనెనట."

"ఎవరి జీవితకాలం?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అవ్వ మాత్రం పక్కనుంచి అంది: "మీ నాయన దినాం పొద్దుగాల సాంచెకు నూనె పెట్టినంకనే చాయ తాగుతుండె. యాదుందా?"

యాదుంది. మా నాయన సాంచెల జాబర్. పొడుగు ముక్కు నూనెడబ్బా పట్టుకుని ఒక్కో సాంచె చుట్టూ తిరిగేవాడు. నేను కాలేజీలో బి.కాం. చదువుతున్నప్పుడు ఆయన గోళ్ళల్లో నల్లటి నూనె మరక చూసి, స్నేహితుల ముందు కొంచెం సిగ్గుపడేవాణ్ణి కూడా. ఆ పాపం ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. చదువుకుని ఉద్యోగంలో చేరిన తర్వాత, యంత్రానికి నూనె పెట్టాలన్న సంగతే నా బుర్రలోంచి పోయింది. ఆ పని ఇంకెవరో చేస్తారనుకున్నాను.

బావ వెళ్ళాక బండితో వచ్చిన పుస్తకం తీశాను. లోన్ పత్రాల్లో చిన్న అక్షరాలు చదవండని అందరికీ చెప్పే నేను, ఈ పుస్తకం నాలుగేళ్ళలో ఒక్కసారీ తెరవలేదు. పట్టికలో గేర్‌బాక్స్ నూనె దగ్గర "మామూలు వాడకంలో మార్చనక్కర్లేదు" అని ఉంది. మనవాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. కానీ పేజీ తిప్పితే ఇంకో పట్టిక ఉంది, 'కఠిన వాడకం' అని. అందులో నూనె మార్చాల్సిందే. ఏది కఠిన వాడకం? ఆగుతూ సాగుతూ నడిచే ట్రాఫిక్, విపరీతమైన ఎండ, దుమ్ము, ఇంజను సరిగా వేడెక్కకముందే ముగిసే చిన్న చిన్న ప్రయాణాలు. చదువుతుంటే మా సాఖర్ పేట గురించే రాశారా అనిపించింది. మన ఊళ్ళలో నడిచే బండ్లలో మామూలు వాడకం ఎన్నింటికి ఉంటుంది చెప్పండి?

జీవితకాలం అనే మాట మా కామర్స్‌వాళ్ళకు కొత్తది కాదు. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలులో ఆస్తుల ఉపయోగకాలాలు ఉంటాయి. అద్దెకు తిప్పని మామూలు మోటారు కారుకు అందులో రాసింది 8 ఏళ్ళు. 8 ఏళ్ళు కాగానే కారు ఆగిపోతుందని కాదు. లెక్క కోసం ఒకరు వేసుకున్న అంచనా అది. జీవితకాలం నూనె కూడా అట్లాంటిదే. ఆ నూనెకు ఒక అంచనా వేశారు. ఆ అంచనా దాటాక కూడా బండి నడవాలని కోరుకునేది మీరూ నేనూ.

ఇంతకీ ఆ నూనె లోపల ఏం చేస్తుంది? నాకు అర్థమైనంత వరకు చెబుతాను. మామూలు బండిలో ఇంజనుకూ గేర్లకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. మా బండి లాంటి ఆటోమేటిక్‌లో ఆ చోట టార్క్ కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది. ఒక పంఖా నూనెను చిమ్మితే, ఆ వేగానికి ఎదురుగా ఉన్న రెండో పంఖా తిరుగుతుంది. అంటే ఇంజను బలాన్ని చక్రాల వైపు మోసేది నూనే. రెండో పని, గేర్లు మార్చడం. లోపల వాల్వ్ బాడీ అనే భాగం ఉంటుంది. మన చద్దర్లు నేసే జకార్డు సాంచె చూశారు కదా, అట్టల్లోని రంధ్రాలను బట్టి ఏ పోగు లేవాలో, ఏది ఆగాలో నిర్ణయం అవుతుంది. వాల్వ్ బాడీ కూడా అట్లాగే, సన్నటి దారుల్లో ఏ దారికి నూనె ఒత్తిడి వెళ్ళాలో నిర్ణయిస్తుంది, దాన్ని బట్టి ఏ గేరు పట్టుకోవాలో తేలుతుంది. మూడో పని, అన్నిటికీ తడి అందించి వేడిని బయటికి మోసుకుపోవడం. సాంచెలో నూనెకు ఒకటే పని. ఇక్కడ మూడు పనులు.

అందుకే ఈ నూనె తయారీ మీద ప్రపంచంలో చాలా శ్రమ జరిగింది. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ వాళ్ళు 1940 మోడల్ కార్లలో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టారు. పెద్ద ఎత్తున తయారైన వాటిలో అదే మొదటిది. ఆ తర్వాత చాలా ఏళ్ళు, 1970ల మొదటి దాకా, ఈ నూనెల్లో తిమింగలం నూనె కలిపేవారంటే నమ్ముతారా? తిమింగలాలను కాపాడే చట్టాలు వచ్చాక దానికి బదులు వేరే రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది. నూనెలో కలిపే ఆ పాళ్ళను బట్టే లోపలి ప్లేట్లు ఎంత మెత్తగా పట్టుకుంటాయన్నది ఆధారపడి ఉంటుంది. వేడికి ఆ గుణం పోతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే నూనె ఆయువు దాదాపు సగమవుతుందని ఒక మోటు లెక్క చెబుతారు. వేడెక్కిన నూనె నల్లబడుతుంది, అరిగిన పొడి అందులో కలుస్తుంది, ఆ పొడి ఫిల్టరుకు అడ్డం పడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, గేరు ఆలస్యంగా పడుతుంది. మా బండి మూడు అంకెలు లెక్కపెట్టింది ఇందుకే కావచ్చు.

కావచ్చు అనే అంటున్నాను. ఎందుకంటే మా బావకు తెలిసిన మిస్త్రీ కుర్రాడు, మన పద్మశాలి పిల్లవాడే, ఆటోమేటిక్ బండ్ల పని పుణెలో నేర్చుకుని వచ్చాడు, అతను బండి నడిపి చూసి నిజం చెప్పాడు. "కాకా, నూనె మారిస్తే బాగవుతదని నేను మాటియ్య. లోపల ప్లేట్లు అప్పటికే అరిగి ఉంటే కొత్త నూనె పోసినా పోతది, పాత నూనెతోని కూడా పోతది. నూనె మార్చినందుకే పోయిందని మాత్రం నన్ననకుండ్రి. ప్యాన్ ఇప్పి చూస్తే గని తెలవది." నాకు ఆ మాట నచ్చింది. గ్యారంటీ ఇవ్వనివాడి మాట మీద ఎక్కువ నమ్మకం కుదురుతుంది, మా వృత్తిలో నేర్చుకున్న సంగతి ఇది. మా ఆవిడను అడిగాను. "ఎట్లాగూ అమ్మేద్దామనే అనుకుంటున్నాం కదా, చూసే అమ్ముదాం" అంది.

సాంచెలకు సెలవున్న రోజు బావ షెడ్డులోనే పెట్టుకున్నాం పని. నేల చదునుగా ఉంటుంది, నీడ ఉంటుంది. మిస్త్రీ ముందు బండిని పది నిమిషాలు తిప్పి తెచ్చాడు. నూనె కాస్త వేడిగా ఉంటే అడుగున పేరుకున్న మురికి కూడా కలిసి దిగుతుందట. మరీ కాగేట్టు ఉంటే చేతులు కాలుతాయి కనుక కొంచెంసేపు ఆగాడు. బండిని జాకీతో లేపి, రెండు వైపులా ఇనుప స్టాండ్లు పెట్టాకే కిందికి దూరాడు. వట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ వెళ్ళకండి. ఇది మాత్రం రెండుసార్లు చదవండి.

ప్లగ్గు విప్పితే నూనె దిగింది. కొత్త నూనె ఎర్రగా, మన సోలాపూర్ దానిమ్మ రసంలా ఉంటుంది. దిగింది మాత్రం చాయ డికాషన్ కంటే నల్లగా ఉంది. మాడిన పోపు వాసన. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదట, కొన్ని నూనెలు తొందరగా రంగు మారతాయట. కానీ ఆ వాసన మాత్రం మంచిది కాదన్నాడు. దిగినదాన్ని ఖాళీ లీటరు సీసాల్లో కొలిచాం. తర్వాత ప్యాన్ చుట్టూ ఉన్న బోల్టులు ఒక్కొక్కటీ వదులు చేసి, ఒక మూల నుంచి మెల్లగా వంచి దించాడు. ప్యాన్‌లో మిగిలింది కూడా కలిపితే మూడుంపావు లీటర్లు. బండికి మొత్తం పట్టేది ఆరు లీటర్ల పైన. మిగతా సగం టార్క్ కన్వర్టర్‌లో, దారుల్లో ఉండిపోతుంది, అది ఇట్లా దిగదు.

ఇక అసలు పరీక్ష. ప్యాన్ అడుగున గుండ్రటి అయస్కాంతాలు ఉంటాయి, ఇనుప పొడిని పట్టుకోవడానికి. వాటి మీద కాటుక లాంటి ముద్ద పేరుకుని ఉంది. మిస్త్రీ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు. మేం ముగ్గురం నిలబడి చూస్తున్నాం. మా ఆవిడ కూడా వచ్చింది, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కాటుకలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే రజనూ, మెరిసే ముక్కలూ ఉంటే లోపల ఏదో విరుగుతోందని అర్థం. అప్పుడు మూసేసి అమ్ముకోవడమే. అతను ఇంకోసారి రుద్ది, గుడ్డకు తుడుచుకుని, "మెత్తగనే ఉన్నది కాకా, ముక్కల్లేవు" అన్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. లేచి అందరికీ ఫ్లాస్కులోంచి చాయ పోసింది.

తర్వాత ఫిల్టర్ విప్పాడు. పలచటి డబ్బా లాంటిది, లోపల జల్లెడ. దాని గొట్టానికి ఒక రబ్బరు రింగు ఉంటుంది. కొత్త ఫిల్టరుతో కొత్త రింగు వచ్చింది. బిగించబోతుంటే నేను అడిగాను, "బాబూ, కొత్తది ఒకటి లోపలికి పోతోంది కదా, పాతది బయటికి వచ్చిందా?" అని. పాత ఫిల్టరుకు చూస్తే రింగు లేదు. టార్చి వేసి చూస్తే అది పైన రంధ్రంలోనే అతుక్కుని ఉంది. దాన్ని తీయకుండా కొత్తది ఎక్కిస్తే ఫిల్టర్ సరిగ్గా కూర్చునేది కాదు, పంపు నూనెకు బదులు గాలి పీల్చేది. "కాకా, మీరు బ్యాంకుల లేకుంటే మా గ్యారేజీకి వస్తుంటిరి" అన్నాడు మిస్త్రీ. జమా ఖర్చూ సరిపోలాలన్న ముప్ఫై ఏళ్ళ అలవాటు ఆ రోజు అట్లా అక్కరకొచ్చింది.

ప్యాన్‌నూ అయస్కాంతాలనూ కడిగి, తుడిచి, పాత గాస్కెట్ అంటు గీకేసి కొత్తది వేశాడు. తుడిచే గుడ్డ దారాలు రాలేది కాకూడదట. నేతవాళ్ళ షెడ్డులో అట్లాంటి గుడ్డ వెతకడమే పెద్ద పనైంది! బోల్టులు ఒక వరసలో కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాడు. బలం చూపిస్తే అల్యూమినియం మరలు పోతాయి, ప్యాన్ వంకరపోతుంది. ఆ తర్వాత పుస్తకంలో రాసిన రకం నూనే, ఎంత దిగిందో అంతే కొలిచి, కొలపుల్ల గొట్టంలోంచి సన్న గరాటుతో పోశాడు. ఇంజను నడిపిస్తూ, బ్రేకు తొక్కి పట్టి, మీటను ప్రతి స్థానంలోనూ కొన్ని సెకన్లు ఉంచుతూ రెండు సార్లు అటూ ఇటూ తిప్పాడు. బండి బాగా వేడెక్కాక, ఇంజను నడుస్తుండగానే, కొలపుల్ల మీద 'హాట్' గీత దగ్గర చూశాడు. చల్లటి బండిలో చూసి నింపేస్తే ఎక్కువైపోతుంది. తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే.

మిగిలిపోయిన పాత సగం మాటేమిటి? ఒత్తిడితో ఒక్కసారే కడిగే మిషన్లున్నాయి గానీ, పాత గేర్‌బాక్సుకు వద్దన్నాడు. అయిదు వందల కిలోమీటర్లు తిప్పి మళ్ళీ దించి పోయడం, ఆ తర్వాత ఇంకోసారి. ఫిల్టర్ మాత్రం ఒక్కసారే. లెక్క వేసి చూశాను. ప్రతిసారీ సగం మారితే, మొదటిసారికి కొత్తది నూటికి 50, రెండోసారికి 75, మూడోసారికి 87.5. మా తగ్గే నిల్వ తరుగుదల పద్ధతే! పాతది ఎప్పటికీ పూర్తిగా సున్నా కాదు, కానీ సరిపడా తగ్గుతుంది.

దిగిన నల్ల నూనె చూసి బావకు ఆశ పుట్టింది. "సాంచెలకు పనికొస్తది కదా?" అన్నాడు. "తెల్ల టవల్ మీద ఒక్క చుక్క పడితే నీ మాలు సెకండ్స్‌లోకి పోతుంది బావా" అన్నాను. మోరీలో పోద్దామని ఎవరో అన్నారు, అది అంతకంటే తప్పు. వాడిన నూనె మన చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. డబ్బాల్లో నింపి, శుద్ధి చేసేవాళ్ళకు అప్పజెప్పే వర్క్‌షాపులో ఇచ్చి వచ్చాం.

ఫలితం చెప్పాలి కదా. మొదటిసారికే ఊపు సగం తగ్గింది. మూడోసారి తర్వాత 'ఆర్' నుంచి 'డి'కి మారిస్తే 'ఒకటి' అనేలోపే పట్టుకుంటోంది. పొద్దున్నే చల్లటి బండి తీసినప్పుడు మాత్రం చిన్న తోపు ఇంకా ఉంది. "అరిగింది అరిగిందే కాకా, నూనె దాన్ని మల్ల పెంచది" అన్నాడు మిస్త్రీ. ఆ కొంచెం అరుగుదల నా నాలుగేళ్ళ అశ్రద్ధకు జరిమానా. మూడుసార్ల నూనె, ఫిల్టర్, గాస్కెట్, మజూరీ అన్నీ కలిపి పదకొండు వేల చిల్లర అయింది. లక్షా ఇరవై వేల పక్కన పెట్టి చూసుకోండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. నేను గొడ్డలి దగ్గరి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

మీ ఇంట్లో ఆటోమేటిక్ బండి ఉంటే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి, మీది ఏ తరహా ఆటోమేటిక్కో ముందు తెలుసుకోండి. 2014లో మారుతీ సెలెరియోతో మన దేశంలో మొదలైన ఏ.ఎం.టి. బండ్లు వేరు. వాటిలో మామూలు క్లచ్చూ గేర్లే ఉంటాయి, తొక్కే పని, మార్చే పని యంత్రం చేస్తుంది. వాటి గేర్ నూనె వేరు. సి.వి.టి. అనే బెల్టు తరహా బండ్ల నూనె ఇంకా వేరు. ఒకదాని నూనె ఇంకోదానిలో పోస్తే గేర్‌బాక్స్ చెడిపోతుంది. పుస్తకంలో రాసిన పేరే సీసా మీద ఉండాలి.

రెండు, పుస్తకంలో కఠిన వాడకం పట్టిక చదవండి. మా బండి తరహాకు చాలామంది మిస్త్రీలు చెప్పే లెక్క నలభై నుంచి అరవై వేల కిలోమీటర్లు.

మూడు, సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు గేర్‌బాక్స్ నూనె ఎప్పుడు మార్చారో రాతపూర్వకంగా అడగండి. వందల మందిని పత్రాలు అడిగిన నేను, ఈ ఒక్క పత్రం అడగలేదు.

నాలుగు, బండి ఒక్క క్షణం ఆలస్యం చేసినా పట్టించుకోండి. మొండి బాకీలన్నీ మొదట ఒక్కరోజు ఆలస్యంతోనే మొదలవుతాయి.

వానలు మొదలయ్యాక ఒక పని చేశాం. అవ్వకు వేములవాడ రాజన్నకు కోడె మొక్కు బాకీ ఉంది. అవ్వ పుట్టింది సిరిసిల్ల వైపే. నాయన పోయాక అటు వెళ్ళనే లేదు. నల్‌దుర్గ్, ఉమర్గా మీదుగా హైదరాబాదు మూడు వందల కిలోమీటర్ల పైన, అక్కడి నుంచి వేములవాడ ఇంకో నూట యాభై. జహీరాబాద్ దాకా మా ఆవిడే నడిపింది. దారిలో చాయ కోసం ఆగి, మళ్ళీ బండి వెనక్కి తీసి 'డి'లో వేసినప్పుడు, అవ్వ వెనక సీటు గట్టిగా పట్టుకుంది, అలవాటు కొద్దీ. ఊపు రాలేదు. 

"నడుస్తుంది" అంది అవ్వ. ఒక్క మాటే. మా నాయన సాంచె బాగు చేశాక అనే మాట అది. నా గోళ్ళలో ఇంకా కొంచెం నలుపు ఉంది. సబ్బుకు పోలేదు. ఈసారి నాకేం సిగ్గనిపించలేదు.

మీ అనుభవాలు తప్పక రాయండి. నవంబరులో చాలామంది పెన్షనర్లు బ్యాంకుకు ఇవ్వాల్సిన జీవిత ప్రమాణ పత్రం గురించి వచ్చే సంచికలో చెప్పుకుందాం. ఈసారి మీ జీవితకాలం సంగతన్నమాట! అందాకా సెలవు.